పొట్లకాయ తినే శత్రువు

ఒకానొక రాజ్యంలో అంటూ మా నాయనమ్మ మొదలుపెట్టేది. రాజ్యం పేరు ఆవిడకు గుర్తులేదు. రాజు పేరు మాత్రం ఏనాడూ తప్పలేదు: రణరంగ ప్రచండవర్మ. ఆయన ఒక్క యుద్ధమైనా చేసి ఎరుగడు.

చేయకపోతేనేం, పొరుగు రాజు మీద ముప్పై ఏళ్ళుగా పద్నాలుగు మంది వేగుల్ని పెట్టి పోషిస్తున్నాడు. రోజూ పొద్దున్నే దేవతార్చన కాగానే వాళ్ళు కొలువులో కబురు విన్నవించాలి.

"ప్రభూ, పొరుగు రాజు నిన్న పొట్లకాయ కూర తిన్నాడు."

"మారు వడ్డించుకున్నాడా?"

"లేదు ప్రభూ."

రాజు మీసం నిమిరేవాడు. "ఏదో ఎత్తులో ఉన్నాడు. కనిపెట్టి ఉండండి."

ఒకనాడు ఆ కబురు ముగిశాక వైద్యురాలు ఓబుళమ్మను పిలిపించారు. ఏటా వానలతో వచ్చే చలిజ్వరం సంగతి తేల్చమని, రాజమాత కన్నుమూసే ముందు ఆవిడకు ఏటి ఒడ్డున ఒక పాకా, నెలనెలా తిండిఖర్చుకు గ్రాసమూ ఏర్పాటు చేసి వెళ్ళింది.

"మూడేళ్ళుగా ఇంటింటికీ తిరుగుతున్నావట. ఏం చేస్తున్నావు?"

"అడుగుతున్నాను మహారాజా. జ్వరం ఎవరికి ముందొచ్చింది, ఏ నీళ్ళు తాగారు, ఎక్కడ పడుకున్నారు అని."

"ఒక్క మాత్రైనా నూరావా?"

"అది ఏ దారిన వస్తోందో తెలియందే, ఎక్కడ అడ్డుకోను తండ్రీ?"

సభ నవ్వింది. రాజు అందరికంటే గట్టిగా నవ్వాడు. "మందు లేని వైద్యురాలు! ఊరికే అడగడానికి గ్రాసమెందుకూ? ఈ రోజుతో ఆపేయండి. ఆ పాక పీకించి మా చిలకలకు మేడ కట్టించండి."

ఓబుళమ్మ తాను విన్నవన్నీ రాసుకున్న తాటాకు కట్టలు చంకన పెట్టుకుని, నమస్కరించి వెళ్ళిపోయింది. వానలకు ఇంక నెలే ఉంది.

మర్నాడు వేగులు నోరు విప్పకముందే తిప్పరసు లేచాడు. ఆస్థానంలో ఆయనది చిన్న ఉద్యోగమే గానీ, ఆయన నోటికి మంత్రులు కూడా జడిసేవారు.

"ప్రభూ, మన రాజ్యంలోకి ఒక శత్రువు వచ్చిపోతున్నాడు. నిరుడు మనవాళ్ళని మూడు వందల మందిని చంపాడు."

రాజు సింహాసనం మీంచి సగం లేచాడు. "మూడు వందలా! మాకు తెలియకుండానా?"

"ఏటా వస్తాడు ప్రభూ, వానలు పడ్డ పక్షానికల్లా. తలుపులు పగలగొట్టడు. ముందు పసిపిల్లల్ని పట్టుకుంటాడు."

"ఏ దారిన వస్తాడు?"

"తెలియదు ప్రభూ."

"ఎక్కడ దాక్కుంటాడు?"

"అదీ తెలియదు."

"మరేం తెలుసయ్యా నీకు! గాడిదలు కాస్తున్నారా అందరూ? పొట్లకాయ తినేవాడి మీద పద్నాలుగు మంది వేగులా, మనుషుల్ని తినేవాడి మీద ఒక్కరూ లేరా?"

"ఒకరుండేవారు ప్రభూ. మూడేళ్ళు వాడి అడుగుజాడలు పట్టుకుని తిరిగారు. నిన్ననే తీసేశారు."

"తీసేసిన మూర్ఖుడెవడు?"

తిప్పరసు నేల చూశాడు. మంత్రులు నేల చూశారు. వేగులు కూడా చూశారు, అలవాటున్న పని గనక ఇంకాస్త శ్రద్ధగా.

రాజు మెల్లగా కూర్చున్నాడు. "ఆ శత్రువు చలిజ్వరమా?"

"చిత్తం."

"కానీ తిప్పరసూ, మూడేళ్ళలో ఆవిడ ఏమీ తేల్చలేదు కదా?"

"నిజమే ప్రభూ. పొట్లకాయ సంగతి ముప్పై ఏళ్ళయినా తేలలేదు. తమరు ఓపిక పట్టారు."

రాజు చేయి మీసం దాకా వెళ్ళి ఆగింది. తర్వాత నవ్వాడు. కిరీటం జారేదాకా నవ్వి, చేతి కడియం తీసి తిప్పరసుకు ఇచ్చాడు.

"కడియంతో పాటు ఆ వేగుల్ని ఓబుళమ్మకు ఇప్పించండి ప్రభూ. ఎవరేం తిన్నారో, ఎక్కడ నీళ్ళు తాగారో కనిపెట్టడంలో వాళ్ళు చేయి తిరిగినవాళ్ళు. ఇంకొక్క మనవి, ఏమీ తేలని ఏడు కూడా గ్రాసం ఆగకూడదు."

"అలాగే. మరి పొరుగు రాజు ఏం తిన్నాడో నాకెలా తెలుస్తుంది?"

"ఉత్తరం రాసి అడుగుదాం ప్రభూ."

ఆ ఏడు ఏమీ తేలలేదు. మరుసటి ఏడూ తేలలేదు. గ్రాసం ఆగలేదు. అయిదో ఏట, దేవుడి దయవల్లా ఓబుళమ్మ తాటాకుల వల్లా, జ్వరం ఎక్కడ పుడుతోందో తెలిసింది. శత్రువులు రాకుండా రాజుగారు కోట చుట్టూ తవ్వించిన కందకంలో, ఆ నిలవనీటిలో.

కందకం పూడ్పించారు. జ్వరం ఆ ఊరి దారి మరిచిపోయింది. పొరుగు రాజు కూడా దండెత్తి రాలేదు. ఉత్తరం మాత్రం రాశాడు, తనకు పొట్లకాయంటే చిన్నప్పటినుంచీ ఇష్టమేనని.