లూర్దు గ్లాసు

తువ్వాలు మళ్ళీ తడిగా ఉంది.

పొద్దున బడికి వెళ్తూ తన్మయి వరండా కమ్మీ మీద వేసి వెళ్ళింది. ఉతికి, ఆరి, మడతపెట్టిన తువ్వాలే. మధ్యాహ్నం పన్నెండు దాటింది. పక్కన ఆరేసిన దుప్పటి అప్పడంలా గలగలలాడుతోంది. తువ్వాలు మాత్రం ముట్టుకుంటే నీళ్ళోడుతోంది. విఠల్ దాన్ని పిండాడు. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. ఏటి నీటి వాసన, దాని వెనక సన్నగా నిమ్మతొక్క వాసన.

ఇది నాలుగో రోజు.

"తువ్వాలు ఇక్కడెందుకు పెడుతున్నావు తల్లీ?" అని మొదటి రోజే కూతుర్ని అడిగాడు.

"లూర్దక్కకి నాన్నా. తడిసిపోయి నిలబడుతోంది. లోపలికి రమ్మంటే రాదు."

ఆరేళ్ళ పిల్ల. భయపడుతూ చెప్పలేదు. పక్కింటి పిల్లకి జలుబు చేసిందని చెప్పినట్టు చెప్పింది. భయం విఠల్‌కి వేసింది. ఎందుకంటే లూర్దు అనే మనిషి లేదు. లేదని అతనికి తెలిసినంత గట్టిగా ఇంకెవరికీ తెలియదు. ఒక కథ కోసం లూర్దుని పుట్టించింది అతనే.

విఠల్‌ది నిర్మల్. భార్య నవనీతకి యానాంలో లెక్చరర్ ఉద్యోగం వస్తే, పెద్ద హోటల్ బారులో పదకొండేళ్ళు చేసిన పని వదులుకుని ఆమె వెంట వచ్చాడు. ఇక్కడ అతనికో పని దొరికింది. పిలిచినవాళ్ళ ఇంటికి వెళ్ళి, పాతకాలపు కాక్‌టెయిల్స్ ఇంట్లోనే ఎలా కలుపుకోవాలో నేర్పడం. ఆరుగురో ఎనిమిదిమందో డైనింగ్ టేబుల్ చుట్టూ కూర్చుంటారు. అతను ఒక్కో గ్లాసు కలుపుతూ దాని వెనక కథ చెప్తాడు. సోడా వద్దు, జిన్ పొయ్యి అని ఇటలీలో ఒక జమీందారు అడిగాడట, నెగ్రోనీ పుట్టింది. జ్వరానికిచ్చే చేదు మందు మింగలేక సిపాయిలు జిన్‌లో కలుపుకున్నారట, జిన్ అండ్ టానిక్ పుట్టింది. జనం గ్లాసు కంటే కథను ఎక్కువ ఇష్టపడేవారు.

అయినవాళ్ళెవరూ లేని ఊళ్ళో పిల్లని పెంచుతున్నామన్న బెంగ అతనికి ఎప్పుడూ ఉండేది. జ్వరం వస్తే ఎంతుందో గంట గంటకీ కాగితం మీద రాసేవాడు. బళ్ళో వెక్కిరిస్తారేమోనని ఇంట్లో తన ఊరి మాట మానేసి పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడేవాడు. మందు సీసాలన్నీ పై అలమరలో పెట్టి తాళం వేసేవాడు. కథలు మాత్రం వంటింట్లో నిలబడి గట్టిగా చెప్పుకుంటూ సాధన చేసేవాడు. వాటికీ తాళం వేయాలని అతనికి తోచలేదు.

రెండు నెలలుగా అతను జోజప్ప దగ్గర గిమ్లెట్, అంటే జిన్‌లో నిమ్మపాకం కలిపే కాక్‌టెయిల్, నేర్చుకుంటున్నాడు. తొంభై నాలుగేళ్ళ మనిషి. ఫ్రెంచి వాళ్ళ కాలంలో దొరల క్లబ్బులో గ్లాసులు కడగడానికి చేరి, చివరికి ఆ గ్లాసుల్లో ఏం పొయ్యాలో చెప్పేవాడయ్యాడు. జోజప్ప కథ మొదలుపెడితే దొరలు ఎత్తిన గ్లాసు ఎత్తినట్టే ఉంచేవారని ఊళ్ళో ముసలివాళ్ళు చెప్పుకుంటారు. కానీ ఈ రెండు నెలల్లో విఠల్ ఆయన నోట ఒక్క కథ వినలేదు. నిమ్మతొక్కని పంచదారతో ఎంతసేపు నలపాలో చెప్పాడు. పంచదార తడిసేదాకా అలా వదిలెయ్యమన్నాడు. రసం అప్పుడు పొయ్యమన్నాడు. అంతే.

గిమ్లెట్‌కి పుస్తకాల్లో ఉన్న కథ చప్పగా ఉంటుంది. ఓడలో డాక్టరు నావికుల చిగుళ్ళు పాడవకుండా నిమ్మరసం తాగించాడు, వాళ్ళు అందులో జిన్ పోసుకున్నారు. ఒక ఇంట్లో ఈ కథ చెప్తే ఇద్దరు ఫోన్లు తీశారు. ఆ అవమానంలోంచి లూర్దు పుట్టింది.

అవతలి లంక నుంచి రోజూ మిట్టమధ్యాహ్నం పడవలో క్లబ్బుకి నిమ్మకాయలు తెచ్చే పధ్నాలుగేళ్ళ పిల్ల. ఒకరోజు రేవుకి నిమ్మకాయలు మాత్రమే తేలుతూ వచ్చాయి. ఆనాటి నుంచి ఈ ఊళ్ళో గిమ్లెట్ కలిపితే ఆఖరి నిమ్మచెక్కని పిండకుండా గ్లాసులో తేలనివ్వాలి, అది లూర్దు కోసం.

చెప్పడం ముగించి, నిమ్మచెక్కని మెల్లగా గ్లాసులో వదిలేవాడు. గది నిశ్శబ్దమైపోయేది. ఆ నిశ్శబ్దం అతనికి బాగా రుచించింది.

ఇప్పుడు పిండిన తువ్వాలుని మళ్ళీ కమ్మీ మీద వేశాడు. తర్వాత చెప్పులేసుకుని జోజప్ప ఇంటికి బయల్దేరాడు.

జోజప్ప వంటింటి గట్టు మీద అరచేత్తో నిమ్మకాయలు దొర్లిస్తున్నాడు. ఆ గట్టు పైన ఒక చెక్క అర ఉంది. దాని మీద చిన్న చిన్న గ్లాసులు వరసగా బోర్లించి ఉంటాయి. చివరిది మాత్రం నిలబెట్టి, అంచుదాకా నిమ్మనీళ్ళు పోసి ఉంటుంది. పెరటి తీగ మీద ఎప్పుడూ ఒక తువ్వాలు నీళ్ళు ఓడుతూ వేలాడుతుంటుంది. ముసలాయన పొద్దస్తమానం స్నానం చేస్తాడేమోనని విఠల్ అనుకునేవాడు.

"ఎండలో పడి వచ్చావేంటబ్బాయ్? మన పాఠం శనివారం కదా."

"గురువుగారూ, మా ఇంట్లో తువ్వాలు ఆరట్లేదు."

నవ్వుతాడేమో అనుకున్నాడు. జోజప్ప చెయ్యి నిమ్మకాయ మీద ఆగిపోయింది.

"నిమ్మ వాసనొస్తోందా?"

విఠల్ తల ఊపాడు.

"పేరేం పెట్టావు?"

"ఎవరికండీ?"

"ముంచేసిన పిల్లకి."

కథ ఊళ్ళో తిరిగి ఇక్కడిదాకా వచ్చిందన్నమాట. విఠల్ తల దించుకుని చెప్పాడు. "లూర్దు."

"ఎన్నేళ్ళు?"

"పధ్నాలుగు."

జోజప్ప ఎప్పుడూ రెండు గ్లాసులు తీస్తాడు. ఇవాళ మూడు తీశాడు. జిన్ సీసా అందుకోబోయి, మూడో గ్లాసు వంక చూసి, సీసాని పక్కకి జరిపేశాడు. నిమ్మపాకం కొలిచి పోశాడు. చిటికెడు ఉప్పు వేసి, కుండలోని నీళ్ళు పోసి కలిపాడు. పెరట్లోకి వెళ్ళి తీగ మీది తువ్వాలు తెచ్చి, పిండి, మూడో కుర్చీ మీద పరిచాడు. దాని ముందు గ్లాసు పెట్టాడు.

"కూర్చోమను."

"నేనాండీ?"

"పిలిచింది నువ్వేగా. నేను చెప్తే ఎందుకు కూచుంటుంది?"

ఖాళీ కుర్చీతో మాట్లాడాలంటే విఠల్‌కి సిగ్గేసింది. తన్మయి గుర్తొచ్చింది. సిగ్గు మింగుకున్నాడు. "కూర్చోమ్మా," అన్నాడు.

ఏమీ జరగలేదు. పెరట్లో కాకి అరిచింది. కాసేపటికి విఠల్ చూపు మూడో గ్లాసు మీద పడింది. గ్లాసు బయటంతా చెమట పట్టి ఉంది. జోజప్ప అందులో ఐసు వేయలేదు.

"వాళ్ళమ్మ పేరేంటి?" అన్నాడు జోజప్ప.

"అది... అనుకోలేదండి."

"ఇల్లు?"

"అవతలి లంకలో."

"లంకలో ఎక్కడ? గుమ్మం ఏ వైపుకి ఉంటుంది?"

విఠల్ కుర్చీ మీది తువ్వాలు వంక చూశాడు.

"అన్నం తిని బయల్దేరిందా ఆ రోజు?"

"గురువుగారూ, అది కథండీ. చిన్న కథ. రెండు నిమిషాలు."

"ఊఁ. పేరు పెట్టావు, నిమ్మకాయల గంప నెత్తికెత్తావు, నీళ్ళలో తోశావు. తల్లి లేదు, గుమ్మం లేదు. తువ్వాలు ఇచ్చేవాళ్ళ ఇంటికి రాక ఇంకెక్కడికి పోతుంది?"

ఆయన కోప్పడలేదు. కొలత తప్పితే ఎలా చెప్తాడో అలాగే చెప్పాడు.

"తల్లి పేరు చెప్పు."

"సిసీలియా," అన్నాడు విఠల్ గబుక్కున.

జోజప్ప కుర్చీ వైపు చూశాడు. తల అడ్డంగా ఊపాడు. "అది కథలో పేరు. ఆ పిల్ల తల కూడా తిప్పలేదు. నిన్నెవరైనా అన్నానికి పిలిచారా చిన్నప్పుడు?"

"మా నాయనమ్మ. పోశవ్వ."

"ఎలా పిలిచేది?"

ఆ మాటలు నోటికి వచ్చి ఎన్నేళ్ళయిందో. గడపలో నిలబడి, చేతిలో గరిటె, కొంగు నడుముకి దోపుకుని, వీధి చివరిదాకా వినబడేలా అరిచేది. విఠల్ కళ్ళు మూసుకుని అదే గొంతుతో, అదే సాగదీతతో అన్నాడు.

"ఏడ సచ్చినవ్ బిడ్డా, బువ్వ సల్లారిపాయె."

కుర్చీ మీది తువ్వాలు అంచు నుంచి ఒక చుక్క నేల మీద పడింది. ఇంకోటి పడలేదు.

"ఆఁ," అన్నాడు జోజప్ప. "ఇప్పుడు తిరిగింది."

జోజప్ప తన గ్లాసులోది రెండు గుక్కలు తాగాడు.

"ఎన్నిళ్ళలో చెప్పావు?"

"ఏడు."

"ఏడిళ్ళలోనూ నిలబడే ఉంటుంది. అన్నిటికీ వెళ్ళు. ఎక్కడ ముంచావో అక్కణ్ణుంచి ఎత్తుకుని ఇంటిదాకా తీసుకెళ్ళు. నీ ఇల్లు చివర."

"అలా చెప్తే ఇంక కథేం మిగుల్తుందండీ? పిల్ల నిమ్మకాయలిచ్చింది, ఇంటికెళ్ళింది, అన్నం తింది. ఎవరు వింటారు?"

"నీ కూతురు రోజూ బడి నుంచి ఇంటికొస్తుందా?"

"వస్తుందండి."

"అది ఎవరికి చెప్తున్నావు?"

విఠల్ తన గ్లాసు ముట్టుకోలేదు. లేచి వచ్చేశాడు.

ఏడిళ్ళకీ వెళ్ళడానికి తొమ్మిది రోజులు పట్టింది. వెళ్ళిన చోటల్లా ఉచితంగా గిమ్లెట్ కలిపి ఇచ్చాడు. నిమ్మచెక్కని గట్టిగా పిండాడు. పడవ రేవుకి చేరిందనీ, లూర్దు గంప దించి, చెయ్యి కడుక్కుని, మళ్ళీ పడవెక్కి వెళ్ళిపోయిందనీ చెప్పాడు. వాళ్ళమ్మ గడపలో నిలబడి ఎలా పిలిచిందో కూడా చెప్పాడు. అలా పిలవడానికి మొదటి రెండు ఇళ్ళలో నామోషీ పడ్డాడు. మూడో ఇంటికి గొంతు దానంతటదే వచ్చింది.

"ఇదేంటండీ, పోయినసారి మునిగిపోయిందిగా?" అన్నాడు పళ్ళ డాక్టరు భాస్కరమూర్తి.

"లేదండి. ఇంటికెళ్ళింది."

"మా బావమరిది వస్తే నేను ఏడిపించి మరీ చెప్పానండీ ఆ కథ. ఇప్పుడు వాడికి ఫోన్ చేసి, ఆ పిల్ల క్షేమం అని చెప్పమంటారా?"

"చెప్పండి. దయచేసి చెప్పండి."

డాక్టరు నవ్వబోయి, విఠల్ మొహం చూసి ఆగిపోయాడు.

అయిదో ఇంట్లో ఒకాయన ఆవలించాడు. ఇక్కడి పని చేజారిపోతోందని విఠల్‌కి తెలుస్తూనే ఉంది. గిమ్లెట్ మాత్రం అందరూ అడుగుదాకా తాగారు. దాని గురించి ఎవరూ ఏమీ అనలేదు.

ఏడో ఇల్లు రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ సువర్చలగారిది. ఆవిడ ఒక్కతే ఉంటుంది. మొత్తం విన్నది, అడ్డురాకుండా. "అన్నం తిందా?" అని మాత్రం అడిగింది.

"తిందండి."

ఆవిడ లేచి బాల్కనీ తలుపు తీసింది. అక్కడ కమ్మీ మీద ఒక తువ్వాలు ఉంది. ఆవిడ దాన్ని చెంపకి ఆనించి చూసుకుంది. మడతపెట్టి లోపలికి తెచ్చి బీరువాలో పెట్టేసింది. విఠల్ వైపు చూడలేదు. అతనూ అడగలేదు.

ఇంటికి వచ్చేసరికి తన్మయి బడి నుంచి వచ్చి వరండా మెట్టు మీద కూర్చుని ఉంది. కమ్మీ ఖాళీగా ఉంది. తువ్వాలు పిల్ల ఒళ్ళో ఉంది, ఎండకి బిరుసెక్కి.

ఇంకా తన ఇల్లు మిగిలింది. దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూనే వచ్చాడు. పక్కన కూర్చుని మొదలుపెట్టబోయాడు.

"లూర్దక్క వెళ్ళిపోయింది నాన్నా," అంది తన్మయి.

"ఎక్కడికి?"

"ఇంటికి. వాళ్ళమ్మ పిలిచింది. అదోలా పిలిచింది. నాకు సరిగ్గా అర్థం కాలేదు."

"ఏమని పిలిచింది?"

పిల్ల గుర్తుచేసుకుంది. నోరు పెద్దగా తెరిచి, సాగదీసి అంది.

"ఏడ సచ్చినవ్ బిడ్డా, బువ్వ సల్లారిపాయె."

ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎప్పుడూ అనలేదు. విఠల్ కూతుర్ని దగ్గరికి లాక్కున్నాడు. ఎంతసేపు అలా పట్టుకున్నాడంటే, చివరికి ఆ పిల్లే ఆకలేస్తోందని గింజుకుంది.

శనివారం జోజప్ప ఇంటికి వెళ్ళాడు. చెప్పాల్సినదంతా చెప్పాడు. జోజప్ప లూర్దు గ్లాసుని కడిగాడు. తుడిచి, వెలుతురుకి పట్టి చూశాడు. అర మీద బోర్లించిన గ్లాసుల వరస పక్కన దాన్నీ బోర్లించాడు.

విఠల్ ఆ వరస కేసి చూశాడు. మొదటిసారి లెక్కపెట్టాడు. లూర్దుది ఇరవయ్యోది. అంతకు ముందే పంతొమ్మిదిమంది ఇళ్ళకి చేరారన్నమాట.

చివర నిలబెట్టి ఉన్న గ్లాసు మిగిలింది. జోజప్ప దాన్ని దించి, పాత నీళ్ళు పారబోసి, కొత్తగా నిమ్మపాకం కొలవసాగాడు. కొలత తప్పలేదు.

"అదెవరిదండీ?" అన్నాడు విఠల్ మెల్లగా.

జోజప్ప చిటికెడు ఉప్పు వేసి కలిపాడు.

"నా నోట ఆ కథ విన్న దొరలు ఓడెక్కి వెళ్ళిపోయారబ్బాయ్. ఇంటికి చేర్చడంలో నేను ఆలస్యం చేశాను."

గ్లాసుని అంచుదాకా నింపి అర మీద పెట్టాడు. పెరట్లోకి వెళ్ళి, తీగ మీది తువ్వాలు తీసి పిండి, మళ్ళీ ఆరేశాడు.