ఆరొందల డిగ్రీల మీద వెన్నముద్ద

రాజ్యాలు పోయినా రాజుగారి దర్జా మాత్రం పోని ఊరది. ఆయన డీజిల్ కారు స్టీరింగు ముందు హెచ్చరిక ఎర్రదీపం వెలిగించుకుని ఎద్దుబండిలా నడుస్తుంటే, నిన్న పొద్దున ఇంటి షెడ్డులో పెట్టించేశారు. ఇవాళ పట్నం నుంచి వచ్చిన ఇంజనీరు తన యంత్రం తగిలించి, "పొగగొట్టంలో ఆరొందల డిగ్రీల వేడి! మీ డ్రైవరు ఇంజన్ని కాల్చేశాడు. మొత్తం మార్చాల్సిందే" అని తేల్చేశాడు.

డ్రైవరు నూకరాజు ఉద్యోగం పోయినట్టే.

అక్కడే చూస్తూ నిలబడ్డ, ఊళ్లో పంక్చర్లు వేసే మస్తాను ముందుకొచ్చాడు. "ఇప్పుడెంత చూపిస్తోంది సార్?"

"ఇప్పుడూ ఆరొందలే!"

మస్తాను వంటింట్లోంచి వెన్నముద్ద తెప్పించాడు. కారు కిందికి దూరి, దాన్ని పొగగొట్టం మీద పెట్టాడు. నూకరాజు వంగి చూశాడు. ఆ చలికాలపు పొద్దున వెన్న పెట్టింది పెట్టినట్టే ఉంది.

"ఇంజన్ బాగానే ఉందయ్యా. వేడి చూసి చెప్పే సెన్సరుకే మతిపోయింది. అదొక్కటి మారిస్తే చాలు" అన్నాడు మస్తాను.

నూకరాజు అతన్ని దేవుణ్ణి చూసినట్టు చూశాడు. రాజుగారు పంచె ఎగగట్టి, తనే వంగి గొట్టం తడిమారు. "ఔరా! మంచులా ఉందే! మీరూ ముట్టుకోండి, ఇంజనీరుగారూ."

ఇంజనీరు చెయ్యి చాచాడు. యంత్రంలో అంకె మరోసారి చూసుకుని, చటుక్కున వెనక్కి లాక్కున్నాడు.