ఎవరూ గీకని స్తంభం

అనగనగా, నువ్వింకా పుట్టని రోజుల్లో, ఒకానొక ఊళ్ళో ఒక పాత మేడ ఉండేది తల్లీ. పై అంతస్తులో వరసగా ఆరు వాటాలు. వాటి ముందు పొడుగాటి వరండా, దానికి ఇనుప రెయిలింగు. ఎవరి గుమ్మం ముందున్న చువ్వలకి వాళ్ళే రంగేసుకోవాలి. అదీ ఆ మేడ కట్టుబాటు.

అక్కడ సన్యాసమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడకి నీ అంత మనవరాలు, పేరు నూకాలు. వీధిలో మిఠాయి బండి గంట మోగితే చాలు, నూకాలు కింది చువ్వ ఎక్కి వంగి చూసేది.

సన్యాసమ్మకి అనుమానం జాస్తి. పాలు పోయించుకుంటే గిన్నె వంచి మరీ చూసేది. నవ్వకు, విను.

ఒకరోజు మేడ యజమాని గుమాస్తా పానకాలు ఆరు డబ్బాల ఆకుపచ్చ రంగు పట్టుకొచ్చాడు. "ఎల్లుండి మునిసిపాలిటీ ఇంజనీరుగారు మేడ చూడ్డానికొస్తారు. ఈలోగా పూసెయ్యండి" అన్నాడు.

అప్పుడు సన్యాసమ్మకి మొదటి అనుమానం వచ్చింది. కారే కప్పుకి ఒక్క పెంకు వేయించనివాడు, రంగు ఊరికే ఎందుకు పంచుతాడు?

"గరుకు కాగితం ఏదయ్యా? ముందు వేసే ఎర్రపూత ఏదీ?"

"గీకడాలెందుకు పిన్నిగారూ! పైన పూసెయ్యండి, మెరిసిపోద్ది."

అప్పుడు రెండో అనుమానం. ఇనుముకి ముందు తుప్పు గీకాలి, కిరసనాయిలు గుడ్డతో తుడవాలి, ఎర్రపూత వేసి ఆరనివ్వాలి. ఆ తర్వాతే పై రంగు. తెలిసి తెలిసి గీకొద్దంటున్నాడంటే, గీకితే ఏదో బయటపడుతుందన్నమాట.

ఆవిడ తన చువ్వలన్నీ గీకింది. గట్టి ఇనుమే. ఆ తర్వాత పక్కవాటాకీ తన వాటాకీ మధ్య రెయిలింగుని పట్టి నిలిపే ఇనుప స్తంభం దగ్గరకొచ్చింది. దాని రంగంతా బొబ్బలెత్తి ఉంది. అప్పుడు మూడో అనుమానం, పక్కింటి కాశింబీ మీద.

"ఏమే కాశింబీ, నీ స్తంభం ఏనాడైనా గీకావా?"

"నాదేంటక్కా? నీది కదా! నువ్వు గీకుతున్నావనే నా వైపు రంగు పూస్తున్నా."

"నేనూ అదే అనుకుని నా వైపు పూశాను కదే!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పదేళ్ళుగా రెండు వైపులా రంగు పడింది, ఒక్కరూ గీకలేదు. కాశింబీ గరిటె కాడతో స్తంభం మొదట్లో గీకింది. రంగు పెచ్చులు పెచ్చులుగా ఊడింది. ఎర్రటి పొడి రాలింది. ఆ తర్వాత కాడ లోపలికి దిగిపోయింది. ఇనుము లేదమ్మా అక్కడ! రంగే నిలబడి ఉంది.

సన్యాసమ్మ ఒక్క ఉరుకున వెళ్ళి మనవరాల్ని చంకనేసుకుంది. అప్పుడు ఆరు వాటాల వాళ్ళూ బయటికొచ్చి మధ్య స్తంభాలు ఐదూ గీకి చూశారు. ఐదూ అంతే.

పానకాలు పరుగెత్తుకొచ్చాడు. "పూస్తారా, ఇళ్ళు ఖాళీ చేస్తారా?"

"ఎవరికి వాళ్ళం పూసుకున్నన్నాళ్ళూ మీ ఆట సాగింది. ఇక మేమంతా ఒకటే" అంది కాశింబీ. ఎవరూ కుంచె ముట్టలేదు.

మర్నాడు అందరూ పనులకెళ్ళిన పూట పానకాలే వచ్చాడు. బొక్కల్లో లప్పం కుక్కి, ఐదు స్తంభాలకీ పచ్చరంగు పూసేశాడు.

ఆ తర్వాత ఇంజనీరు వచ్చాడు. "బాగానే ఉన్నాయే!" అన్నాడు. లోపల ఇనుము లేదని అందరూ ఒక్కసారిగా అరిచారు.

"వీళ్ళకి అనుమానం జబ్బు సార్" అన్నాడు పానకాలు.

సన్యాసమ్మ మాత్రం అరవలేదు. "నిజమే బాబూ, జబ్బే. నువ్వే కుదర్చు. ఆ స్తంభానికి వీపు ఆనించి నిలబడు."

పానకాలు నవ్వాడు. ఒక అడుగు వేశాడు. కింద వీధిలోకి చూసి ఆగిపోయాడు.

"రంగు పచ్చిగా ఉంది సార్, చొక్కాకి అంటుతుంది."

"చొక్కా నేను ఉతుకుతాలే" అంది కాశింబీ.

పానకాలు కదల్లేదు. అప్పుడు ఇంజనీరు స్తంభాన్ని చూడ్డం మానేసి పానకాలు మొహం చూశాడు. ఐదూ పీకించి కొత్తవి వెయ్యాలని అక్కడే కాగితం రాశాడు. ఖాళీ చెయ్యమన్న మాట పానకాలు మళ్ళీ ఎత్తలేదు.

కొత్త స్తంభాన్ని సన్యాసమ్మ ఇటు, కాశింబీ అటు గీకి, ఎర్రపూత వేశారు. అయినా ఒకరి పని మీద ఒకరికి అనుమానమే! రోజంతా ఇటావిడ అటువైపు, అటావిడ ఇటువైపు వేలితో ముట్టి చూసుకుంటూనే ఉన్నారు.

కథ కంచికి, కునుకు కంటికి, దుప్పటి మన ఇద్దరికి.