గవరయ్య కట్టిన కోళ్ళగూడు

మొగలిపాలెంలో తెలివంటూ ఉంటే అది తమ ఇంట్లోనే ఉందని గవరయ్యకీ, తమ్ముడు సన్నిబాబుకీ గట్టి నమ్మకం. ఉండదూ మరి? పట్నంలో బల్లలూ కుర్చీలూ డిజైన్ చేసే ఆఫీసులో నెల్లాళ్ళు పనిచేసి వచ్చారు. అక్కడి పెద్దాయన చెప్పిన ప్రతి మాటా గవరయ్య బుర్రలో మేకు దిగ్గొట్టినట్టు దిగిపోయింది.

ఓ పొద్దున భార్య అచ్చియ్యమ్మ, "ఏమయ్యా, అడవిపిల్లి మళ్ళీ రెండు పెట్టల్ని ఎత్తుకుపోయింది. ఇక మిగిలినవి మూడే. ఇవాళైనా గూడు కడతావా, వీటినీ దానికే అప్పజెప్పమంటావా?" అంది.

అంతే. సన్నిబాబు రంపం తీశాడు.

"ఆగరా. వాడేవాళ్ళని అడక్కుండా పని మొదలెట్టొద్దన్నారు పెద్దాయన," అన్నాడు గవరయ్య.

ఇద్దరూ కోళ్ళ ముందు గొంతుక్కూర్చున్నారు.

"అమ్మా, తలుపు ఎటు పెట్టమంటారు?"

రెండు పెట్టలు కొక్కొక్కుమంటూ చూరు కిందికి నడిచాయి.

"చూరు వైపట. రాసుకో."

"నల్లది నోరు విప్పలేదన్నయ్యా."

"మొహమాటం. మెల్లిగా అడుగు."

మధ్యాహ్నందాకా మెల్లిగా అడుగుతూనే ఉన్నారు.

"ముందు చిన్నది చేసి చూడాలని కూడా అన్నారు కదూ?" అన్నాడు సన్నిబాబు. ఇంకేముంది, గుప్పెడంత గూడు తయారైంది. అందులోకి నల్లపెట్టని తోశారు. తల దూరింది, ఒళ్ళు దూరలేదు. అది గూడు తగిలించుకుని పరుగెత్తి కుడితితొట్టిలో పడింది.

"తల సరిపోయింది. ఇక ఒంటికి కొలత పెంచితే చాలు," అన్నాడు గవరయ్య తృప్తిగా.

అచ్చియ్యమ్మ చీపురు తీసింది. దాంతో గంటలో నిలువెత్తు గూడు లేచింది. కోళ్ళని తనే లోపలికి తోలి, "పిల్లి వచ్చే వేళైంది, కనిపెట్టుకుని ఉండండి," అని నీళ్ళకి వెళ్ళింది.

గవరయ్యకి ఆఖరి పాఠం అప్పుడు గుర్తొచ్చింది.

"ఒరే, వాడేవాళ్ళ స్థానంలో మనముండి చూడాలన్నారు."

"స్థానంలో కోళ్ళున్నాయి కదన్నయ్యా."

"అయితే ఖాళీ చేయించు."

కోళ్ళని బయటికి తోలి, అన్నదమ్ములు లోపల దూరి గడియ వేసుకున్నారు. కాసేపటికి పిల్లి రానే వచ్చింది. గూట్లోకి తొంగిచూసింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. అది మొహం తిప్పుకుని, ముంగిట్లో తిరుగుతున్న నల్లపెట్టని కరుచుకుని కంచె దాటింది.

అచ్చియ్యమ్మ బిందెతో పరుగెత్తుకొచ్చేసరికి గవరయ్య ఊచల్లోంచి మొహం పెట్టి, "కంగారు పడకే. గూడు బ్రహ్మాండంగా ఉంది. లోపలున్నవాళ్ళలో ఒక్కణ్ణీ పిల్లి ముట్టుకోలేదు," అన్నాడు.

"కాకపోతే వదినా, కాస్త గింజలు చల్లించాలి," అన్నాడు వెనకనుంచి సన్నిబాబు.