బావి కింద పొలం వెల

పూలగిరి రాజు బలభద్రరాయలకు ఏనుగుల పిచ్చి. కొత్తగా తెప్పించిన ఏనుగులకు సాల కట్టించాలని ఒకనాడు ఆయనకు బుద్ధి పుట్టింది. కోట పక్కనే ఓబులమ్మ అనే రైతు పొలం ఉంది. "దానికి వెల కట్టి తీసుకోండి" అన్నాడు. రాజుగారికి బుద్ధి పుట్టినప్పుడల్లా ఎవరిదో ఒకరి కొంప మునగడం మామూలే.

వెల కట్టినవాడు మహాదేవశాస్త్రి. కాశీలో చదివి వచ్చాడు. రాజుగారే ఆయనకు 'మూల్యసార్వభౌమ' అని బిరుదిచ్చి నెత్తినెక్కించుకున్నాడు. గుర్రం నుంచి గుమ్మడికాయ దాకా శాస్త్రి చెప్పిందే ధర. ఎందుకంత అని అడిగితే ఆయనకు ముక్కు మీద కోపం. ఓబులమ్మ పొలానికి ఆయన కట్టిన వెల ఒక మేకపిల్ల ఖరీదు.

ఓబులమ్మ సభకు వచ్చి నిలబడింది.

"ఆ పొలం తప్ప నాకూ నా బిడ్డలకూ ఇంగో ఆదరువు లేదు సామీ. మేకపిల్లను పెట్టుకోని ఎట్ల బతికేది?"

రాజుకు జాలేసింది. కానీ తానిచ్చిన బిరుదును తానే అనుమానించడం ఎలాగ? కొలువులో చమత్కారి అని పేరు పడ్డ ముత్తన వైపు తిరిగాడు.

"ముత్తనా, శాస్త్రిగారు కట్టిన వెల సరైనదో కాదో నువ్వు తేల్చాలి. కానీ వెల కట్టే అధికారం ఆయనొక్కడిదే. నీ నోట ధర మాట రాకూడదు. పొలం చూడ్డానికి వెళ్లకూడదు. ఇక్కడే, ఇప్పుడే తేల్చు. తప్పు పట్టుకున్నావా, నా బంగారు కడియం నీదే."

"అయితే ఈ పని నావల్ల కాదు ప్రభూ" అన్నాడు ముత్తన.

"ఏం, భయమా?"

"తప్పు పడితేనే కడియమంటే, లేని తప్పు కూడా నా కంటికి కనబడుతుంది. తప్పయినా ఒప్పయినా కడియం ఇస్తానంటే చేస్తాను."

రాజు నవ్వి సరేనన్నాడు. శాస్త్రికి ఒళ్లు మండింది.

"వెల కట్టడం రానివాడు నా వెలను పరీక్షిస్తాడా?"

"వంట రాకపోయినా ఉప్పెక్కువైతే నాలుకకు తెలుస్తుంది కదండీ శాస్త్రిగారూ. నేను వేరే వెల చెప్పను. మీ వెల ఏ దారిన వచ్చిందో ఆ దారి చూపించండి, చాలు."

శాస్త్రి ఉత్తరీయం సర్దుకున్నాడు. "అడుగు."

"ఆ పొలంలో మీకు కనబడిన లోపం ఏమిటి?"

"ఎండ పడదు. తేమ ఎక్కువ. మనిషి రాకపోకలు బహు కష్టం."

సభలో తలలు ఊగాయి. రాజు కూడా "సబబుగానే ఉంది కదా" అన్నాడు. పెద్దమనిషి గంభీరంగా ఏది చెప్పినా సబబుగానే ఉంటుంది, అదే వచ్చిన చిక్కు.

ముత్తన ఓబులమ్మను అడిగాడు. "ఏమమ్మా, మీ పొలంలో ఎండ పడదా?"

"పడకేం సామీ? నెత్తి మాడిపోతాది."

"ఆమె అలాగే అంటుంది, ఆమె సొత్తు కదా" అన్నాడు శాస్త్రి.

"నిజమే. మీరు స్వయంగా వెళ్లి చూశారా?"

"చూడకుండా వెల కడతానా? దస్తావేజులో 'బావి కింద పొలం' అని ఉంది. వెతుక్కుంటూ ఆ బావి దగ్గరికే వెళ్లాను."

"ఎలా చూశారు?"

"గట్టు మీద చెయ్యి ఆనించి, వంగి చూశాను."

ఓబులమ్మ నోరు తెరిచింది. ముత్తన చెయ్యెత్తి ఆమెను ఆపాడు.

"చుట్టుపక్కల వాటితో పోల్చారా శాస్త్రిగారూ?"

"అది శాస్త్రం. పోల్చకుండా ఎలా? పక్క బావుల్లోకీ వంగి చూశాను. అన్నిట్లోనూ చీకటే. అందుకే ఆ చుట్టుపక్కల పొలాలన్నీ ఒకే వెల."

ముత్తన ఇంకేమీ అడగలేదు. తిన్నగా సింహాసనం దగ్గరికి వెళ్లాడు. మోకాళ్ల మీద కూర్చుని, తల వంచి, రాజుగారి కాళ్ల మధ్య నుంచి సింహాసనం అడుగుకు తొంగి చూడసాగాడు.

రాజు ఉలిక్కిపడి కాళ్లు ఎత్తుకున్నాడు. "ఏం వెతుకుతున్నావయ్యా?"

"శాస్త్రిగారిని ప్రభూ. తమరి కింద పనిచేస్తున్నారని విన్నాను."

ముందు సేనాపతి పొట్ట పట్టుకున్నాడు. తర్వాత రాజు. ఆ తర్వాత సభంతా ఘొల్లుమంది. బావి నీళ్లు పారి పండే నేలను బావి కింద పొలమంటారని పసిపిల్లలకైనా తెలుసు. కాశీలో మాత్రం ఎవరూ చెప్పినట్టు లేదు. శాస్త్రి ముఖం కందగడ్డయింది.

రాజు కళ్లు తుడుచుకుని ఓబులమ్మను అడిగాడు. "ఏం పండుతుందమ్మా ఆ పొలంలో?"

"ఏడాదికి రెండు పంటలు వరి సామీ. కోటకొచ్చే బియ్యంలో మావీ ఉండాయి."

రాజు నవ్వు ఆగింది. "అయితే నా కంచంలోని అన్నం మీద ఏనుగుల్ని కట్టెయ్యమన్నానన్నమాట. సాల గుట్ట పక్కన కట్టండి. పొలం ఈమెదే."

ఓబులమ్మకు కళ్లనీళ్లు తిరిగాయి. కొంగుతో ముఖం కప్పుకుంది. చూస్తున్న సభికులందరికీ కడుపు నిండినట్టయింది.

రాజు తన చేతి కడియం తీసి ముత్తనకు తొడిగాడు. తర్వాత శాస్త్రిని చూశాడు.

"ఈ పంట కోతకొచ్చేదాకా శాస్త్రిగారు ఓబులమ్మ దగ్గర ఎద్దుల్ని తోలి నీళ్లు తోడాలి. ఆ నీళ్లు ఎంతవరకు పారితే పొలం అంతవరకని తెలుసుకున్నాకే మళ్లీ వెల కట్టాలి. ఏమ్మా, నీకు సమ్మతమేనా?"

"సమ్మతమే సామీ" అంది ఓబులమ్మ. "బావిలోకి మాత్రం వంగొద్దని గట్టిగా చెప్పండి. ఆ నీళ్లు మేం తాగాల."