ఆకులమ్మ జాతర ఆలస్యమెందుకు

ఆ ఏడు జాతర రోజున అమ్మవారికి ఒక్క పువ్వు కూడా లేదు. ఆకులమ్మ అన్న పేరు ఆ లోటు వల్లే వచ్చింది.

మెట్ట దిగువన, ఊటకాలువ పక్కనున్న ఈ గుడికి వచ్చే భక్తులు రెండు సంగతులు అడుగుతుంటారు. చుట్టుపక్కల జాతరలన్నీ ముగిశాక ఇక్కడెందుకు మొదలవుతుంది? నైవేద్యానికి ముందే పిల్లలకు వడ్డన ఏమిటి? వడ్డించేది గుడితోటలోని చామంతి ఆకు. ఇది కూరకు పనికొచ్చే రకం. లేత చిగుళ్లు పప్పులో వేస్తారు. కాస్త చేదు, మంచి వాసన.

పూర్వం ఇక్కడి తల్లిని పూలమ్మ అనేవారు. తోట చూసే అచ్చియ్యమ్మ జాతరకు చామంతులు అందించాలి. అందించలేకపోతే ఊరు విడవాలి. ఒక ఏడు వానల్లేక చేలు ఎండిపోయాయి. ఊటనీటితో అమ్మవారి తోట ఒక్కటే పచ్చగా మిగిలింది. గంజికి కూడా నోచని పిల్లలు కంచె పట్టుకుని నిలబడేవారు. అచ్చియ్యమ్మ చామంతి మొక్కల లేత తలలు తుంచి, ఉడికించి పెట్టింది. మళ్లీ చిగురిస్తే మళ్లీ తుంచింది.

ఇక ఆమెకు కంటిమీద కునుకు లేదు. తెల్లవారగానే ప్రతి మొక్కనూ వంచి మొగ్గల కోసం వెతికేది. ఆకులే కనిపించేవి. ఏ పిల్లవాడికి ఒళ్లు వెచ్చబడినా, అమ్మవారి కోపం తన చేతి కూరతోనే ఆ ఇంటికి చేరిందని భయపడేది. అయినా పొద్దెక్కేసరికి కుండ పొయ్యి మీద ఉండేది.

జాతర నాడు ఊరిపెద్ద గురునాయుడు ఖాళీ బుట్ట చూసి పూలేవని అడిగాడు.

"పిల్లల కడుపుల్లో ఉన్నాయి బావూ," అంది అచ్చియ్యమ్మ.

"అమ్మ సొత్తు పంచిపెట్టి, పైగా సమాధానమా? రేపు మూట కట్టుకో."

తెల్లవారుజామున గురునాయుడికి అమ్మవారు కలలో కనిపించింది. కొప్పులో పువ్వు లేదు, చామంతి ఆకు ఉంది. "పూలకు నేను ఆగుతాను. ఆకలికి వాళ్లు ఆగుతారా?" అంది.

అతడు పరుగున వచ్చేసరికి అచ్చియ్యమ్మ మూటతో కాలువ దాటుతోంది. వెనక్కి పిలిచి, కల సంగతి చెప్పి, పూలు వచ్చాకే జాతర అన్నాడు. వస్తాయో రావో ఆమెకూ తెలియదు. పక్క ఊళ్ల డప్పులు వినబడినప్పుడల్లా తోటలోకి వెళ్లి మొగ్గలు వెతికేది. చివరికి పక్క ఊళ్ల జాతరలన్నీ ముగిశాక, తుంచిన ప్రతి కొమ్మా గుబురుకట్టి పూసింది. విగ్రహం పూలలో మునిగిపోయింది.

మరుసటి ఏడు వానలు బాగా పడ్డాయి. ఈసారి తలలు తుంచొద్దని, పూలు వేళకు రావాలని గురునాయుడు చెప్పాడు.

"అమ్మ ఆగుతానంది కదా బావూ," అంది అచ్చియ్యమ్మ.

నేటికీ కంచె దగ్గర పిల్లలు తిన్నాకే తల్లికి నివేదన. ఆ కూర తిన్న ఇంట పసివాళ్లు పస్తుండరని నమ్మకం. కరువైనా, పంటైనా తొలి చిగురు పిల్లలదేనని ఆనాడు అచ్చియ్యమ్మ నిశ్చయించుకుంది. బతికినన్నాళ్లూ ఆ మాట తప్పలేదు.