గుట్ట కొసన ఫిర్యాదులు

నల్లగుట్ట అడవికి ఎలుగుబంటి ప్రెసిడెంటు, నక్క సెక్రటరీ. నక్క గుట్ట కింద మడుగు దగ్గర కూర్చునేది. నీళ్లకొచ్చిన జంతువులన్నీ దాని దగ్గరే కష్టాలు చెప్పుకునేవి.

ఆ ఏడు పెద్ద పంచాయతీ నుంచి ఏనుగు కబురు పెట్టింది. ఫిర్యాదులు లేని అడవికి సన్మానం చేస్తుందట.

"ఫిర్యాదులు తగ్గాలంటే పనులు చేయించాలి. అంత ఓపిక ఎక్కడిది?" అంది ఎలుగుబంటి.

"పనులెందుకండీ, పద్ధతి మారుద్దాం," అంది నక్క. "ఇకమీద గుట్ట కొసన మీ గుహ దగ్గరే ఫిర్యాదులు తీసుకుంటా. ఎవరి బాధ వాళ్లే వచ్చి చెప్పాలి."

ఎలుగుబంటికి నక్క ఎత్తుగడ అర్థమైంది. అయినా సరేనంది.

ఒకరిద్దరు సగం దాకా ఎక్కి ఆయాసపడి వెనక్కి పోయారు. తర్వాత ఎవరూ రాలేదు. వేసవి ముదిరాక ఏనుగు పూలదండతో అవతలి వైపు నుంచి గుట్టెక్కి వచ్చింది.

"ఒక్క ఫిర్యాదూ లేదా?"

"లేదండీ. అందరూ సుఖంగా ఉన్నారు," అంది ఎలుగుబంటి.

"అయితే మడుగు దగ్గర అందరి ముందే దండ వేస్తా, పద."

ముగ్గురూ దిగుతుంటే దారిలో ముసలి తాబేలు రొప్పుతూ ఎదురొచ్చింది.

"ఎక్కడికి అవ్వా?" అంది ఏనుగు.

"ప్రెసిడెంటు గారి దగ్గరికి నాయనా. కాలువ పూడిపోయి మడుగులోకి నీళ్లు రావట్లేదు. పూడిక తీయించమని అడగాలి. నా చెల్లెలు ఒడ్డునే కాచుకుని ఉంది. ఎండలు మొదలైనప్పుడు బయల్దేరా, ఇంకా ఎక్కుతూనే ఉన్నా."

నక్క గొంతు సవరించుకుంది. "ఈవిడ ఇంకా పైకి చేరలేదండీ. చేరితేనే ఫిర్యాదు."

ఏనుగు ఎలుగుబంటి వైపు చూసింది. ఎలుగుబంటి తల దించుకుంది.

కింద మడుగు నెర్రెలు విచ్చి ఉంది. కుందేళ్లు, జింకలు ఎప్పుడో వలస పోయాయి. ఒడ్డున తాబేలు చెల్లెలి డిప్ప ఒక్కటే మిగిలింది. ఏనుగు నక్కను కొలువులోంచి తీసేసి, దండ పట్టుకుని వెళ్లిపోయింది. ఎలుగుబంటిని ఒక్క మాటా అనలేదు.

ఎలుగుబంటి కాలువలోకి దిగి సొంత గోళ్లతో మట్టి తవ్వసాగింది. ఎన్నాళ్లకో తాబేలు మెల్లగా తిరిగొచ్చింది.

"మీకు తెలియక జరిగిందిలే నాయనా," అంది.

"తెలుసు అవ్వా. ఫిర్యాదుల చోటు గుట్ట పైకి మార్చిన రోజే తెలుసు."

తాబేలు చెల్లెలి డిప్ప పక్కకు వెళ్లి కూర్చుంది. అటు చూసే ధైర్యం లేక ఎలుగుబంటి తవ్వుతూనే ఉంది.

జనం నోరు విప్పలేదని మురిసిపోయే పాలకుడు, వాళ్లు చెప్పుకునే దారిని తానే మూశాడేమో ముందు చూసుకోవాలి.